కుశలం – ప్రమాదం



వాహనపూజ చేయించుకొనేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "శాస్త్రోక్తంగా పూజ చేయించిన వాహనానికి కూడా ప్రమాదం ఎందుకు జరుగుతుంది?" అని. ఈ ప్రశ్నకు నేను ఎన్నోమార్లు సమాధానం చెప్పాను. ప్రారబ్ధాన్ని గురించి, కర్మఫలాన్ని గురించి, దైవసంకల్పాన్ని గురించి వివరించాను. విన్నవారు తల ఊపి వెళ్ళేవారు. నా మనస్సు మాత్రం ఏనాడూ ఆ సమాధానాన్ని అంగీకరించలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న నా ఇంటిది కూడా. పాతికేళ్ళు నేను దానిని తప్పించుకొని తిరిగాను.

అది నాకు తిరిగి ఎదురైన స్థలం ఏ పుణ్యక్షేత్రమూ కాదు, ఏ విద్వత్సభా కాదు. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని స్టర్జిస్ అనే చిన్న ఊరు. ప్రతి సంవత్సరమూ ఆగస్టులో అక్కడ జరిగే మోటారు సైకిళ్ళ జాతర. వేదం చదువుకున్న అర్చకుడికి అక్కడ పని ఏమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. వెళ్ళేటప్పుడు నాకూ అదే సందేహం కలిగింది.

నేను మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక దేవాలయంలో అర్చకత్వం నిర్వహిస్తున్నాను. స్వస్థలం కోనసీమ. 2023వ సంవత్సరంలో శ్రావణం అధికమాసంగా వచ్చింది. అధికమాసంలో వివాహాలు, గృహప్రవేశాలు ఉండవు. కనుక జపపారాయణాలకు తీరిక ఎక్కువ, బయటి పిలుపులు తక్కువ. ఆ రోజులలో, మా ఆలయానికి నిత్యమూ వచ్చే ఒక గృహిణి అర్చన పూర్తయిన తరువాత కూడా వెళ్ళకుండా నిలబడింది.

"పంతులుగారూ, ఆయన మళ్ళీ స్టర్జిస్ ప్రయాణం పెట్టారండీ. బండి మీద ఆయన, వెనకాల కారులో నేను. ఈసారి మీరు కూడా మా కారులో రండి. ఆ కొండలు చూసినట్టుంటుంది. ఆయనకు ఒక్క మాట చెప్పినట్టూ ఉంటుంది."

"ఏ మాటమ్మా?"

"హెల్మెట్ పెట్టుకోమని. నేను చెబితే వినరు. మీరంటే గౌరవం."

ఆ దంపతులది భీమవరం. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సాత్త్వికుడు, ఏకాదశినాడు ఉపవాసం తప్పనివాడు. ఏభైయవ ఏట ఒక హార్లీ డేవిడ్సన్ కొన్నాడు. ఈ రెండు రాష్ట్రాలలోనూ లైసెన్సు గల పెద్దలకు హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి కాదు. కనుక ఆయన దానిని ఏనాడూ ధరించలేదు.

"చూద్దాం అమ్మా" అన్నాను. వస్తానని అన్నాను గాని, చెబుతానని అనలేదు. ఆ తేడా ఆమె గ్రహించిందో లేదో తెలియదు. నాకు మాత్రం తెలుసు.

రెండు రోజుల ప్రయాణం. పశ్చిమంగా పోయే 90వ నంబరు రహదారి మీద గడ్డిమైదానాలు, మొక్కజొన్న చేలు, ఛాంబర్లెయిన్ దగ్గర విశాలమైన మిస్సోరీ నది. దారి పొడవునా ఒకే దుకాణపు బోర్డులు కనిపిస్తూ ఉంటాయి. వాల్ అనే ఊరిలోని వాల్ డ్రగ్ అనే మందుల దుకాణానివి. 1931లో టెడ్ హస్టెడ్ అనే ఆయన ఆ దుకాణం కొన్నాడు. ఐదేళ్ళు వ్యాపారం సాగలేదు. 1936లో ఆయన భార్య డొరోతీ, ఎండలో పోయే బాటసారులకు కావలసింది చల్లని నీరు కదా, ఉచితంగా ఇస్తామని బోర్డులు పెడదాం అన్నది. ఆ బోర్డులే ఆ దుకాణాన్ని నిలబెట్టాయి. ఈనాటికీ అక్కడ మంచునీరు ఉచితం. మేమూ త్రాగాము. మన ఊళ్ళలో వేసవిలో చలివేంద్రం పెట్టినవాడిని పుణ్యాత్ముడంటాం. ఏ శాస్త్రమూ చదవని ఒక ఇల్లాలు బాటసారి దాహాన్ని చూచి, చేయవలసినది సరళంగా చెప్పింది. చెప్పడానికి ఆమెకు సంస్కృతం అవసరం కాలేదు. ఆ మాట అప్పుడు నాకు తోచలేదు, తరువాత తోచింది.

స్టర్జిస్ జనాభా సుమారు 7 వేలు. ఆ పది రోజులలో అక్కడికి లక్షలాది మంది వస్తారు. 2015లో 75వ ఉత్సవం జరిగినప్పుడు ఆ సంఖ్య 7 లక్షలు దాటిందని ప్రభుత్వ అంచనా. మేము వెళ్ళినది ఆగస్టు 4 నుండి 13 వరకు జరిగిన 83వ ఉత్సవానికి. ఇంత పెద్ద వ్యవహారానికి బీజం చాలా చిన్నది. అదే ఊరిలో ఇండియన్ మోటారు సైకిళ్ళ దుకాణం నడిపిన క్లారెన్స్ హోయెల్, ఆయన మిత్రులు కలిసి జాక్‌పైన్ జిప్సీస్ అనే సంఘం పెట్టి, 1938 ఆగస్టులో ఒక పందెం జరిపారు. పాల్గొన్నవారు తొమ్మండుగురు. ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కొరత వలన విరామం వచ్చింది గాని, తరువాత ఉత్సవం ఆగలేదు. ఆ తొలి సంవత్సరాలలో వచ్చినవారికి హోయెల్ భార్య పెర్ల్ తన చేతితో వండి పెట్టేదట. తీర్థం ఎక్కడైనా అన్నదానంతోనే మొదలవుతుంది కాబోలు.

ప్రధానవీథిలో అటూ ఇటూ రెండు వరుసలు, నడుమ మరి రెండు వరుసలు వాహనాలు నిలిపి ఉన్నాయి. క్రోము లోహం ఎండలో కన్నులకు మిరుమిట్లు గొలుపుతున్నది. ఇంజన్ల ధ్వని చెవికి వినిపించడం కాదు, వక్షఃస్థలంలో కంపిస్తున్నది. పంచె, ఉత్తరీయం, విభూతిరేఖలతో నేను ఆ తోలుకోట్ల మధ్య నడుస్తుంటే కొందరు వింతగా చూశారు, కొందరు చేయెత్తి పలకరించారు. నా కన్నులకు కష్టం కలిగించినవీ ఉన్నాయి. మద్యం ఏరులై పారుతున్నది. మాంసం కాలుతున్న వాసన వీథి అంతా వ్యాపించింది. అర్ధనగ్నవేషాలు చూచి తల వంచుకొని నడిచాను. వీటిని దాచి వ్రాయడం సత్యం కాదు.

అయితే మరొకటి కూడా సత్యమే. నాకు ఆ జనసమ్మర్దంలో మా కోనసీమలోని జగ్గన్నతోట గుర్తుకు వచ్చింది. కనుమనాడు చుట్టుప్రక్కల గ్రామాల నుండి ఏకాదశ రుద్రులు ప్రభలమీద ఆ తోటకు తరలివస్తారు. ఏ ఊరి ప్రభ ఆ ఊరికి ప్రాణం. దానిని భుజాలమీద మోసి, చేల గట్ల మీదుగా, నీళ్ళు నిండిన కాలువలోంచి దాటిస్తారు. అలంకారంలో ఒకరిని మించి మరొకరు. ఇక్కడ కూడా ఎవరి వాహనం వారికి ప్రభయే. ఒక్కొక్కడు వందల మైళ్ళు ఎండలో వానలో దానిని నడుపుకొని వచ్చి, తుడిచి, వీథిలో నిలిపి, దూరంగా నిలబడి చూచుకొని మురిసిపోతున్నాడు. మమకారం బంధమని మనకు తెలుసు. దానిని మోసుకొని ఇంత దూరం వచ్చేవాడిలో ఒక శ్రద్ధ ఉన్నదని కూడా ఒప్పుకోవాలి.

ఒక వృద్ధుడు నా నుదుటి విభూతి చూచి అదేమిటని అడిగాడు. భస్మమని, శరీరం చివరకు ఏమవుతుందో గుర్తు చేయడానికని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, తన వాహనానికి ప్రక్కన వ్రేలాడే తోలు సంచిని తట్టి చూపించాడు. అందులో ఒక చిన్న డబ్బాలో ఆయన భార్య చితాభస్మం ఉన్నది. ముప్పై ఏళ్ళు ఆమె ఆయన వెనుక కూర్చుని ఈ జాతరకు వచ్చిందట. ఇప్పుడూ తీసుకువస్తున్నాను అన్నాడు. అస్థిసంచయనం చేయించిన చేతులు నావి. ఆ సంచికి అప్రయత్నంగా నమస్కరించాను.

ఆ వృద్ధుడి తలమీద కూడా హెల్మెట్ లేదు. గుడ్డ కట్టుకున్నాడు. చుట్టూ చూశాను. అధికశాతం శిరస్సులు అలాగే ఉన్నాయి. వారి కోట్లమీద గతించిన మిత్రుల పేర్లు కుట్టిన గుడ్డపట్టీలు ఉన్నాయి. ఆ పది రోజులూ రోడ్ల మీద మరణించినవారి సంఖ్యను అధికారులు రోజూ ప్రకటిస్తారు. ఉదయం ఫలహారం చేసే చోట మనుషులు ఆ సంఖ్యను తిథివారాలవలె చదివి, కాఫీ త్రాగి, వాహనం ఎక్కుతున్నారు.

మరునాడు మేము ఊరికి ఈశాన్యంగా కొద్ది మైళ్ళ దూరంలోని బేర్ బ్యూట్ కొండకు వెళ్ళాము. మైదానం మధ్య ఒంటరిగా లేచిన కొండ. లకోటా, షయెన్ జాతుల ఆదివాసులకు అది పరమపవిత్రం. వారు అక్కడ ఉపవాసాలు, ప్రార్థనలు చేస్తారు. దారి పొడవునా చెట్లకొమ్మలకు రంగురంగుల గుడ్డలు, పొగాకు పొడి మూటగట్టిన చిన్న చిన్న ముడుపులు కట్టి ఉన్నాయి. మన చెట్లకు కట్టే ముడుపులవలెనే ఉన్నవి. వాటిని తాకవద్దని, ఛాయాచిత్రాలు తీయవద్దని యాత్రికులను కోరుతారు. తాకకుండా, మాట్లాడకుండా పైకి నడిచాము. కొంతదూరం ఎక్కాక గాలితోపాటు మోటారు సైకిళ్ళ ఘోష క్రిందినుండి వినవచ్చింది. ఈ శబ్దాన్ని గురించి, కొండ సమీపంలోని మద్యశాలలను గురించి ఆ జాతులవారు బాధపడటం, అభ్యంతరం చెప్పడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. పవిత్రస్థలంలో నిలబడినవాడికి ఆ బాధ ఎవరూ వివరించనక్కరలేదు.

ఆ గృహిణి ఒక చెట్టు దగ్గర ఆగి, ఆ ముడుపులను చాలాసేపు చూచింది. తిరిగి వచ్చేటప్పుడు, "ఒక్కో ముడుపూ ఒక భయం కదండీ పంతులుగారూ" అన్నది. నేను సమాధానం చెప్పలేదు. నాలుగు రోజులుగా నేను ఆమెకు ఇవ్వవలసిన సమాధానం వేరే ఉన్నది.

ఆ సాయంకాలం ర్యాపిడ్ సిటీ దగ్గర మేము అద్దెకు తీసుకున్న ఇంటిలో ఆమె భర్త నా వద్దకు వచ్చాడు. చేతిలో కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు.

"గురువుగారూ, రేపు నీడిల్స్ రోడ్డు మీద వెళ్తున్నామండీ. బండికి ఒకసారి పూజ చేసి పెట్టండి."

నీడిల్స్ అంటే సూదులవలె నిలిచిన రాతిశిఖరాలు. వాటిమధ్య మెలికలు తిరిగే కొండదారి 14 మైళ్ళు. ఒకచోట రాతిని తొలిచిన సొరంగం దాదాపు 8 అడుగుల వెడల్పు మాత్రమే. "అధికమాసం కదా, అయినా కొత్త వాహనం కాదు కనుక దోషం లేదు. ఉదయం చేద్దాం" అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకు ఒక తమ్ముడు ఉండేవాడు. వేదానికి రాలేదు. డిగ్రీ చదివి మందుల కంపెనీలో ప్రతినిధిగా చేరాడు. ఊరూరూ తిరగడానికి 1998లో ఒక మోటారు సైకిలు కొన్నాడు. వాహనపూజ నేనే చేశాను. గణపతిని పూజించి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ దిష్టి తీశాను. స్వరం ఎక్కడా తప్పలేదు. నాన్నగారు చూచి సంతోషించారు.

బండితోపాటు తమ్ముడు ఒక హెల్మెట్ కూడా కొన్నాడు. రెండు రోజులు పెట్టుకున్నాడు. "చెమట పోస్తోంది అన్నయ్యా, డాక్టరుగారి దగ్గరకు చెదిరిన జుట్టుతో వెళ్ళాల్సి వస్తోంది" అని నవ్వి పక్కన పెట్టేశాడు. దానిని దేవుడి గది గోడకు ఉన్న మేకుకు తగిలించారు. కొద్దిరోజులకు మా అమ్మ వత్తుల పత్తిని అందులో వేసి ఉంచడం మొదలుపెట్టింది. బల్లులు పడవు, చేతికి అందుతుంది అన్నది. ప్రతి సాయంకాలమూ దీపం పెట్టే వేళ ఆమె ఆ హెల్మెట్‌లోనుండి పత్తి తీసేది. నేను ప్రక్కనే కూర్చుని సంధ్య వార్చేవాడిని. ఎనిమిది నెలలు నేను దానిని ప్రతిదినమూ చూశాను. ఒక్కనాడూ తమ్ముడితో ఒక్క మాట అనలేదు. మంత్రరక్ష ఉన్నదనుకున్నానో, వాడు నొచ్చుకుంటాడనుకున్నానో, ఇటువంటి చిన్న విషయం నా స్థాయికి తగినది కాదనుకున్నానో. మూడూ నిజమే అయి ఉంటాయి.

ఒకరాత్రి కాలువగట్టు రోడ్డుమీద వాడు పడిపోయాడు. దేహం మీద చిన్న గీతలు తప్ప వేరే గాయం లేదు. దెబ్బ అంతా తలకే.

కర్మకాండ ముగిసిన రోజున అమ్మ దేవుడి గదిలో కూర్చుని ఉన్నది. ఆమెను ఓదార్చడానికి, "అలా రాసిపెట్టి ఉన్నదమ్మా" అన్నాను. ఆమె లేచి, మేకు నుండి హెల్మెట్ తీసి, పత్తి అంతా పళ్ళెంలో కుమ్మరించింది. ఖాళీ హెల్మెట్‌ను నా ముందు పెట్టి, "నీ మాట వినేవాడురా వాడు" అన్నది. అంతే. ఆ తరువాత బ్రతికినన్నాళ్ళూ ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

పాతికేళ్ళు నేను ఆ మాటను ఎవరికీ చెప్పలేదు. నా మంత్రం ఫలించలేదా, నా ఉచ్చారణలో లోపమా అని మాత్రం చింతించేవాడిని. అది గౌరవప్రదమైన చింత. దాని చాటున అసలు చింతను దాచుకోవడం సులభం. వాహనపూజలు చేయడం మానలేదు గాని, ద్విచక్రవాహనం వస్తే చేతులు త్వరపడేవి. త్వరగా ముగించి పంపేవాడిని.

తెల్లవారుజామున స్నానసంధ్యలు ముగించుకొని, వెంట తెచ్చుకున్న బాణలింగానికి అభిషేకం ప్రారంభించాను. నమకం సాగుతున్నది. నాలుగవ అనువాకంలో రథికులకు, రథం లేనివారికి కూడా నమస్కారం వస్తుంది. ఇన్ని వాహనాలను చూచిన రోజుల తరువాత ఆ నమస్కారం కొత్తగా వినిపించింది. ఆరవ అనువాకంలోకి వచ్చాను. అక్కడ రుద్రుడికి 'బిల్మి' అనే నామం ఉన్నది. నా కంఠం ఆగిపోయింది.

బిల్మం అంటే శిరస్త్రాణం. బిల్మి అంటే దానిని ధరించినవాడు. ఆ అర్థం నాకు పాఠశాలలో చెప్పినదే. పన్నెండవ ఏట కంఠస్థం చేసిన అనువాకం, కొన్ని వేలసార్లు అభిషేకంలో పలికిన నామం. మృత్యుంజయుడని మనం కొలిచే స్వామి, కవచం తొడిగి, తలకు శిరస్త్రాణం ధరించి వేదంలో నిలబడి ఉన్నాడు. తలమీద రక్షణ పెట్టుకోవడం ఆయన శౌర్యానికి లోటు కాలేదు. ఆ నామాన్ని నేను ప్రతిదినమూ పలికాను. మేకుకు వ్రేలాడే శిరస్త్రాణాన్ని ప్రతిదినమూ చూశాను. ఈ రెంటినీ ఒక్కసారి కూడా కలిపి చూడలేదు. నా తమ్ముడి విషయంలో లోపించినది స్వరం కాదు. నా చూపు, నా మాట.

అభిషేకం పూర్తిచేసి బయటకు వచ్చాను. వాకిట్లో వాహనం సిద్ధంగా ఉన్నది. ఆయనతోపాటు వెళ్ళే అమెరికన్ మిత్రులిద్దరు దూరంగా నిలబడి చూస్తున్నారు. పూజ సావకాశంగా చేశాను. నా చేతులు త్వరపడలేదు. నిమ్మకాయలు పెట్టాను, దిష్టి తీశాను. చివర ఆయన నమస్కరించి, "దక్షిణ ఏం సమర్పించుకోమంటారండీ?" అని అడిగాడు.

"హెల్మెట్ పెట్టుకోండి. అదే నాకు దక్షిణ" అన్నాను.

ఆయన నవ్వాడు. తరువాత నేను నవ్వడం లేదని గమనించాడు. "గురువుగారూ, ఇక్కడ చట్టమే అడగదండీ. గాలి ముఖానికి తగలకపోతే ఇక బండి ఎందుకు, కారే చాలదా? అయినా మీకు తెలియనిదా, రాసిపెట్టి ఉంటే హెల్మెట్ ఆపుతుందా?"

అది నా వాక్యమే. నేను నా తల్లికి చెప్పినదే. ఇప్పుడు అది నా వద్దకే తిరిగి వచ్చింది. శాస్త్రచర్చ చేయడానికి నాకు నోరు రాలేదు. తమ్ముడి సంగతి చెప్పాను. పత్తి సంగతి చెప్పాను. మా అమ్మ అన్న మాట చెప్పాను. తెలుగులోనే, మామూలు మాటలలోనే చెప్పాను. మధ్యలో ఒకచోట కంఠం పూడుకుపోయింది. వినవలసినవాడు విన్నాడు. తలుపు దగ్గర నిలబడిన ఆయన భార్య కూడా విన్నది. ఆమె ఏమీ అనకుండా వెళ్ళి కారు డిక్కీ తెరిచింది. అందులో కొత్త హెల్మెట్ ఉన్నది, ధర చీటీ కూడా తీయలేదు. మూడేళ్ళుగా ప్రతి ప్రయాణంలోనూ అడుగున పెట్టి తెస్తూనే ఉన్నదట.

ఆయన చీటీ చించి, హెల్మెట్ తలకు పెట్టుకొని, పట్టీ బిగించుకున్నాడు. నేను దానిమీద అక్షతలు వేశాను. సాయంకాలం ఆయన తిరిగి వచ్చేవరకు నేను, ఆమె వరండాలోనే ఉన్నాము. క్షేమంగా వచ్చాడు. ఆ దారిలో ఏ విశేషమూ జరగలేదు. హెల్మెట్ వలన ప్రాణం నిలిచిందని చెప్పే అద్భుతకథ నా వద్ద లేదు. మానవుడు ఉదయం వెళ్ళి సాయంకాలం ఇంటికి రావడమే నాకు చాలిన అద్భుతం.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, వేదమంతా చెప్పిన తరువాత ఆచార్యుడు శిష్యుడికి ఇచ్చే అనుశాసనం ఉన్నది. సత్యం, ధర్మం, స్వాధ్యాయం, అతిథిసేవ వంటి నిత్యజీవిత విషయాలను అక్కడ సరళంగా ఆదేశిస్తాడు. వాటి నడుమ కుశలం విషయంలో ఏమరుపాటు కూడదని ఒక ఆదేశం ఉన్నది. కుశలమంటే ఏమిటి? ఆత్మరక్షణకు చేయవలసిన కర్మ అని శంకరభగవత్పాదులు భాష్యంలో స్పష్టంగా వ్రాశారు. దేహం అనిత్యమని లోకానికి చాటిన ఆచార్యులవారే, ఆ దేహాన్ని కాపాడుకొనే పనిలో ఏమరకూడదన్న శ్రుతివాక్యాన్ని మెత్తబరచకుండా వివరించారు. అక్కడ ఏమరుపాటును చెప్పే క్రియ ఏ ధాతువుదో, 'ప్రమాదం' అనే పదం ఆ ధాతువు నుండే వచ్చింది.

తెలుగులో ప్రమాదమంటే రోడ్డుమీద జరిగేది. సంస్కృతంలో ప్రమాదమంటే మనస్సులో జరిగేది, అంటే ఏమరుపాటు. ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రుడికి, తన దృష్టిలో మృత్యువంటే ప్రమాదమేనని బోధించాడు. అక్కడ ఆయన చెప్పినది ఆత్మస్వరూపాన్ని మరచిపోవడాన్ని గురించి. అయితే చేయవలసినది కన్నులయెదుట ఉండగా మరచిపోవడం చిన్న విషయాలలో అలవాటైనవాడికి పెద్ద విషయంలో మెలకువ ఎక్కడి నుండి వస్తుంది? ఇది గతించినవారిమీద నింద కాదు. వారిని నిందించే అధికారం ఎవరికీ లేదు. నా కథలో ప్రమాదం రోడ్డుమీద ఒక రాత్రి జరిగింది. అంతకు ముందు ఎనిమిది నెలలు అది నాలో జరుగుతూనే ఉన్నది.

మరి దైవం సంగతి? కర్మ సిద్ధించడానికి గీతాచార్యుడు ఐదు కారణాలు చెప్పాడు. అధిష్ఠానమైన శరీరం, కర్త, సాధనాలు, వివిధ చేష్టలు, ఐదవది దైవం. హెల్మెట్ ధరించినవాడికి మృత్యువు లేదని నేను అనను. ఆ ఐదవ కారణం ఎవరి చేతిలోనూ లేదు. కాని మొదటి నాలుగింటినీ మన చేతికి ఇచ్చి ఐదవదానిని ఆయన ఉంచుకున్నాడు. నాలుగింటినీ విడిచి ఐదవదానిమీద భారం వేయడం శరణాగతి కాదు. శరణాగతి పేరు పెట్టుకున్న సోమరితనం. అందులో నేను చాలాకాలం ఉన్నాను కనుక దాని రూపం నాకు బాగా తెలుసు.

వాహనపూజ నిష్ప్రయోజనం కాదు. యంత్రానికి, దారికి, తన దేహానికి నమస్కరించి బయలుదేరినవాడు వాటిని అలక్ష్యం చేయకూడదు. పూజ ఆ మెలకువను ఇవ్వడానికే. ఆశీర్వదించినవాడు కూడా తనకు కనిపించే అపాయాన్ని చెప్పకుండా పంపకూడదు. హితం చెప్పని ఆశీర్వచనం సగమే.

ఆ సంవత్సరం నుండి నేను ఒక నియమం పెట్టుకున్నాను. ద్విచక్రవాహనానికి పూజ అంటే హెల్మెట్‌తో రావాలి. వాహనానికి పెట్టిన బొట్టే దానికీ పెడతాను. లేనివారిని, కొనుక్కొని రమ్మని పంపుతాను. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. ఒకాయన, "మీరు పూజ చేయండి చాలు, పోలీసు పని ఎందుకు?" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

ఆ భక్తుడు ఇక ఎన్నడూ హెల్మెట్ విడువలేదని చెప్పి ముగించాలని ఉన్నది గాని, అది అసత్యం. ఎండ తీవ్రంగా ఉన్న రోజులలో తీసివేస్తున్నాడని ఆయన భార్య అప్పుడప్పుడు ఫోనులో చెబుతూ ఉంటుంది. అప్పుడు నేను ఆయనకు ఫోను చేస్తాను. "దక్షిణ బాకీ పడ్డారండీ" అంటాను. ఆయన నవ్వి, సరేనంటాడు. మరునాడు పెట్టుకుంటాడు. మెలకువ ఒక్కసారి వచ్చి నిలిచిపోయేది కాదు, దినదినమూ తెచ్చుకోవలసినది. సంధ్యావందనం దినానికి మూడు పూటలు విధించినవారికి ఈ సంగతి తెలుసు.

ఈ వ్యాసం చదివేవారిలో తల్లిదండ్రులు, అన్నదమ్ములు, గురువులు ఉంటారు. మీరు ప్రతిదినమూ చూస్తూ మౌనంగా ఉన్నది ఏదైనా ఉంటే, మీ మాట వినేవాడు ఇంకా ఇంటిలో ఉండగానే, ఈ సాయంకాలం దీపం పెట్టే వేళ ఆ ఒక్క మాట చెప్పండి.

స్వస్తి.